కిరాయికి చెల్లని రూపాయి

ఒక దేశపు నాణెము ఎంతదూరము చెల్లునో ఆ దేశపు పరపతియు నంతదూరమే యనుట లోకరీతి. ఈ మాట నిజమైనచో మన పరపతిని కొలుచుటకు రాజధానులలో జరుగు సభలను, సంతకములను, ఛాయాచిత్రములను చూడ నక్కరలేదు. మనవాడొక సామాన్యుడు పరదేశమున బస్సెక్కునప్పుడు, మెట్రో స్టేషను గేటు ముందు నిలిచినప్పుడు, అతని చేతిలోని ఫోను ఆ గేటును తెఱచునా, తెఱవదా యని చూచిన చాలును. నేడు మన రూపాయి ఈ చిన్న పరీక్షలో తప్పుచున్నది. ఈ సంగతిని ఏలినవారు చెప్పరు. చెప్పిన ప్రదర్శనలకు కళ తగ్గును. బ్యాంకులవారు చెప్పరు, చెప్పిన రాబడికి లోటు వచ్చును. కావున పత్రికలే చెప్పవలసియున్నది.

చార్మినారు నీడలో, లాడ్‌బజారు గాజుల దుకాణములో, మదీనా చౌరస్తాలో, శాలిబండ ఇరానీ హోటలులో నేడు కప్పు చాయకు సైతము ఫోనుతోనే సొమ్ము చెల్లుచున్నది. 2016 ఏప్రిలు 11న ఆరంభమైన యూపీఐ పద్ధతి పది సంవత్సరములలో పండ్లబండి వరకు, పూలబుట్ట వరకు వచ్చినది. ఇది మనవారు మన బుద్ధిబలముతో సాధించిన ఘనకార్యము. దానిని తక్కువ చేసి మాట్లాడుట మా యుద్దేశము కాదు. దాని గొప్పతన మెరిగిన వారము గనుకనే, అది ఎక్కడ ఆగిపోవుచున్నదో చూపదలచితిమి. పాతనగరమునుండి పరదేశమునకు పోవుట నేటి ముచ్చట గాదు. బార్కస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా మొహల్లాలనుండి జిద్దాకు, రియాదుకు, దుబాయికి, కువైటుకు పొట్టచేతబట్టుకొని పోయినవారి బిడ్డలు నేడు లండనులో, న్యూయార్కులో, సిడ్నీలో చదువుచున్నారు. వీరు టాక్సీలలో తిరుగు ధనికులు కారు; బస్సుమీద, రైలుమీద బ్రతుకు గడుపుకొనువారు. శంషాబాదులో విమానమెక్కి దిగిన మరునాటి ఉదయమే వీరికి తెలియునది యేమన, చాయకు చెల్లిన ఫోను కిరాయికి చెల్లదని.

ఈ బాధ హైదరాబాదుకు క్రొత్తది కాదు. నిజాము రాజ్యమునకు తన నాణెము తనకుండెను. హాలీసిక్కా రూపాయి రాజ్యమున చెల్లును. ఎల్ల దాటిన చెల్లదు. బెజవాడకో, కర్నూలుకో, షోలాపురమునకో పోవలసినవాడు సర్రాఫు అంగడికి పోయి, ఏడు హాలీ రూపాయల నిచ్చి ఆరు కల్దారు రూపాయలను పుచ్చుకొనవలసియుండెను. నాణెముల విలువ భేదమునకు తోడు, మారకము చేసినందుకు సర్రాఫునకు వట్టము. ఒకే భాష మాటలాడు ఆంధ్రులు కృష్ణ కీవలావల నుండి, బంధువు నింటికి పోవుటకు నాణెము మార్చుకొనవలసివచ్చుట యెంతటి అవమానమో నాటివారికి తెలియును. 1950లో భారత రూపాయి మన సంస్థానమున ప్రవేశించినది. 1959 నాటికి హాలీసిక్కా చలామణి నుండి తొలగినది. ఆనాడు మనము గెలిచినది కేవలము నాణెమును కాదు. చేతిలోని సొమ్ముతో ఎవరికిని వట్టమీయక ప్రయాణము చేయు హక్కును.

మరియొక చరిత్రను గూడ స్మరింపవలెను. నేడు మనవారు కూలికి పోవుచున్న గల్ఫు తీరమంతటను ఒకప్పుడు మన రూపాయియే చలామణిలో నుండెను. కువైటు, బహ్రెయిను, ఖతరు, దుబాయి బజారులలో మన నాణెముతోనే బేరములు జరిగెను. 1959లో రిజర్వు బ్యాంకువారు ఆ ప్రాంతములకై గల్ఫు రూపాయి యను ప్రత్యేకపు నోట్లను అచ్చువేసిరి. హజ్ యాత్రికులకై 10 రూపాయల, 100 రూపాయల నోట్లను వేరుగా ముద్రించిరి. కువైటు 1961లో, బహ్రెయిను 1965లో తమ నాణెములను తాము తెచ్చుకొనెను. 1966 జూను 6న మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించినంతట మిగిలినవియు జారిపోయెను. ఆ దేశములు తమ నాణెమును తాము నిర్మించుకొనుట న్యాయమే; వానిపై మనకు పెత్తన మక్కరలేదు. కాని యొక్క విషయము గమనింపుడు. పేద యాత్రికుడు హిజాజులో దిగినప్పుడు వాని చేతి సొమ్ము చెల్లవలెనను ఆలోచన 1959 నాటి అధికారులకు గలిగినది. నేటివారికి గలిగినది ఈఫిల్ గోపురము మీద మన జెండా వంటి గుర్తును చూపవలెనను ఆలోచన.

అవును, 2024 ఫిబ్రవరిలో పారిసు నగరపు ఈఫిల్ గోపురము కడ యూపీఐ అంగీకారమును ప్రకటించిరి. ఆ నెలలోనే శ్రీలంక, మారిషసులలో ఆరంభించిరి. అంతకుముందే భూటానులో, తరువాత నేపాళములో, అరబ్బు ఎమిరేట్ల దుకాణములలో మార్గ మేర్పడెను. 2023 ఫిబ్రవరి 21న సింగపూరు పే-నౌ పద్ధతితో మన పద్ధతిని జతపరచిరి. వినుటకు వీనులవిందే. కాని సింగపూరు ఒప్పందము మనిషినుండి మనిషికి సొమ్ము పంపు దారి. రైలుగేటునకు పోవు దారి కాదు. ఈఫిల్ గోపురము చూచుటకు సొమ్ము చెల్లును. దాని కడకు చేర్చు మెట్రోకు చెల్లదు. ఊరంతయు చుట్టములే, ఉట్టికట్ట తావు లేదన్న సామెత మన యూపీఐకి సరిపోయినట్లు మరి దేనికిని సరిపోదు. గోపుర మెక్కువాడు జన్మమున కొకసారి యెక్కును. బస్సెక్కువాడు దినమునకు రెండుసార్లు ఎక్కును. ఎవరి యవసరము ముందు?

ఇందుకు కారణము మాయ గాదు, యంత్రభేదము. మన పద్ధతిలో క్యూఆరు గుర్తును ఫోనుతో చూచి, మొత్తము వ్రాసి, రహస్యసంఖ్యను నొక్కి, బ్యాంకు జవాబు వచ్చువరకు నిలువవలెను. దుకాణములో పది క్షణములు నిలిచిన నష్టము లేదు. స్టేషను గేటు అట్లు నిలువనీయదు. వెనుక వేలమంది యుందురు. లండను రవాణా సంస్థవారు తమ గేటు అరసెకనులో తెఱచుకొనవలెనని నియమము పెట్టుకొనిరి. అందుకై కార్డునో, కార్డును లోన దాచుకొన్న ఫోనునో గేటునకు తాకించు పద్ధతి వచ్చినది. లండను బస్సులలో 2012లో, భూగర్భ రైళ్లలో 2014లో, న్యూయార్కులో 2019లో ఇట్లు బ్యాంకు కార్డులకు ద్వారములు తెఱచిరి. లండను బస్సులలో 2014 జూలైనుండి రొక్కమును పుచ్చుకొనుటయే మానిరి. అక్కడ చెల్లు కార్డులు వీసా, మాస్టరుకార్డు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అను అమెరికా సంస్థలవి. మన రూపే పేరు ఆ పట్టికలో లేదు. దుబాయి మెట్రోకు 2009నుండి నోల్ అను వేరు కార్డు గలదు. దానిని కొని, సొమ్ము నింపుకొని తిరుగవలెను. రొక్కము పనికిరాదు, మన ఫోను పనికిరాదు. ఇక మిగిలినది అన్యుల ముద్ర గల కార్డు.

ఆ ముద్రకు సుంక మున్నది. మన బ్యాంకులు పరదేశపు వాడుకపై నూటికి 3.5 వరకు మారకపు రుసుము వసూలు చేయుచున్నవి. ఆ రుసుముపై నూటికి 18 చొప్పున జీఎస్టీ. లెక్క వేసి చూడుడు. మన సొమ్ములో 300 రూపాయల కిరాయి యనుకొన్నచో, రుసుము 10 రూపాయల 50 పైసలు, పన్ను 1 రూపాయి 89 పైసలు, వెరసి 12 రూపాయల 39 పైసలు. దినమునకు రెండుసార్లు, నెలకు అరువదిసార్లు ప్రయాణము చేయు విద్యార్థికి ఇది 743 రూపాయల 40 పైసలు. ఆ దేశపు బ్యాంకులో ఖాతా తెఱచువరకు, చదువునకో కొలువునకో క్రొత్తగా పోయిన ప్రతి యువకుడును ఈ వట్టము నీయవలసినదే. కొడుకును, కూతురును చూడబోయిన తలిదండ్రులు తిరిగివచ్చువరకు ఈయవలసినదే. సర్రాఫు అంగడి బేగంబజారులో మూతపడి, బ్యాంకు భవనములో పాలరాతి నేలమీద తెఱచుకొన్నది గాని, వట్టము మాత్రము పోలేదు. నాటి సర్రాఫు వట్టమును ముందుగా చెప్పి పుచ్చుకొనెను. నేటివాడు నెల గడిచిన పిమ్మట కాగితములో చిన్న యక్షరములతో తెలుపును.

సుంకము కన్న పెద్ద భయ మొకటి గలదు. 2022 మార్చిలో రష్యాలో వీసా, మాస్టరుకార్డు సంస్థలు తమ వ్యాపారమును నిలిపివేసెను. ఆ దేశపు బ్యాంకు లిచ్చిన ఆ ముద్రల కార్డులు పరదేశములలో పనికిరాకపోయెను. ఉక్రెయినుపై రష్యా చేసిన దండయాత్ర న్యాయమని మేమనుట లేదు, అది అన్యాయమే. కాని ఆ రాత్రి పరదేశములో నున్న రష్యా విద్యార్థి, పర్యాటకుడు ఆ యుద్ధమును నడిపినవారు కారు. వారి జేబులోని కార్డు అట్టముక్క యగుటకు వారి దోష మేమియు లేదు. ఇందలి పాఠ మొక్కటే: తాళపుచెవి పరుని చేతిలో నున్నంతకాలము తలుపు మనది గాదు. నేడు మైత్రి యున్నదని రేపును ఉండునని ఎవరు జామీనిత్తురు? 2012లో మనవారు రూపే కార్డును స్థాపించినది ఈ దూరదృష్టితోనే. స్వదేశములో అది నిలద్రొక్కుకొన్నది. పరదేశపు గేటు కడ మాత్రము నేటికిని అనాథవలె నిలిచియున్నది.

ఇంకొక చిక్కు మన యింటిలోనిదే. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకువారు, క్రొత్తగా నిచ్చు కార్డులు మొదట స్వదేశపు వాడుకకు మాత్రమే తెఱచియుండవలెనని, పరదేశపు వాడుకను, తాకించి చెల్లించు వాడుకను ఖాతాదారు కోరినప్పుడే తెఱవవలెనని శాసించిరి. దొంగలనుండి రక్షించుటకై చేసిన శాసన మిది, మంచిదే. కాని ఈ సంగతిని బ్యాంకులవారు ఎందరికి విశదముగా చెప్పిరి? యాప్‌లో ఎక్కడనో మూలనున్న రెండు మీటలను నొక్కవలెనని తెలియని వృద్ధుడు, ఖాతాలో లక్ష యుండియు, పరదేశపు గేటు ముందు ఎఱ్ఱదీపమును చూచుచు నిలువవలసివచ్చును. అంగటిలో అన్నియు నున్నను అల్లుని నోట శని యన్నట్లే గదా! కావున ప్రయాణమునకు సిద్ధపడు పాఠకులకు మనవి: బయలుదేరుటకు ముందే పరదేశపు వాడుకను, తాకింపు వాడుకను రెంటిని తెఱిపించుకొనుడు. ఏ ఫోనుతో, ఏ కార్డుతో లోనికి పోయితిరో దానితోనే వెలుపలికి రండు. లోనికి పోవునప్పుడు ఫోనును, వచ్చునప్పుడు కార్డును తాకించినచో లండను వంటి నగరములలో యంత్రము మిమ్ము ఇద్దరు మనుష్యులుగా లెక్కించి ఇరువురికిని అధిక కిరాయి వేయును. ఒక్క కార్డునే నమ్మక, రెండవ యుపాయమును గూడ జేబులో నుంచుకొనుడు.

మా వాదమునకు ముగ్గురు అడ్డువత్తురు. మొదటివారు, "పరదేశము పోగలవానికి పన్నెండు రూపాయలు భారమా?" యందురు. వీరు పరదేశము పోవువారందరును ధనికులని తలంచుచున్నారు. తల్లి నగను తాకట్టుపెట్టి విమానపు టికెట్టు కొన్నవాని సంగతి వీరికి తెలియదు. రెండవవారు, "ఎవరి గేటు వారిది, మన కార్డును పుచ్చుకొమ్మని వారిని నిర్బంధింపగలమా?" యందురు. నిర్బంధింప నక్కరలేదు, బేర మాడవలెను. 2023లో జీ-20 అతిథులు మన దేశమునకు వచ్చినప్పుడు, ఇచ్చట బ్యాంకుఖాతా లేకున్నను వారు యూపీఐ వాడుకొనుటకు రిజర్వు బ్యాంకువారు మార్గ మేర్పరచిరి. అతిథికి మనము తలుపు తీసితిమి; అతిథిగా పోయినప్పుడు తలుపు తీయుమని యడుగుట యాచన యగునా? మూడవవారు దేశాభిమానులే, "మన పద్ధతి లోకములో నుత్తమము, లోపము లెంచుట దేశద్రోహ"మని యందురు. వీరికి మేము చెప్పునది యిది: పొగడ్త చేత పంట పండదు. స్వదేశి యనగా స్వదేశపు వస్తువును పూజించుట గాదు, దానిని పరదేశపు వస్తువుతో సరితూగునట్లు చేయుట.

మరియు విద్య మన చేతిలో లేదనుట పొరబాటు. 2022 సెప్టెంబరులో చిన్న మొత్తములకు రహస్యసంఖ్య యక్కరలేని యూపీఐ లైటును ప్రవేశపెట్టిరి. 2023 సెప్టెంబరులో ఇంటర్నెట్టు లేకయే ఒక ఫోనును ఇంకొకదానికి తాకించి సొమ్ము మార్చు పద్ధతిని ప్రకటించిరి. 2019 మార్చి 4న దేశమంతటికి ఒకే కార్డు అను పేర, మెట్రోకు, బస్సుకు పనికివచ్చు రూపే ప్రయాణపు కార్డును అహమ్మదాబాదులో ప్రధానమంత్రి ఆరంభించిరి. ఢిల్లీ విమానాశ్రయపు మెట్రో మార్గమున 2020 డిసెంబరునుండి అది చెల్లినది. అనగా తాకింపు విద్య మనకు వచ్చును. గేటు తెఱచు విద్య మనకు వచ్చును. వానిని ఎల్ల దాటించు సంకల్పమే కొఱత.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. ఇంటి సంగతి చూడబోయిన పాతనగరవాసికి కన్నులు చెమర్చును. 1932లో 27 బస్సులతో ప్రజారవాణాను ఆరంభించిన నగర మిది. 2017 నవంబరులో మెట్రో వచ్చినది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్టాండు మార్గము మహాత్మాగాంధీ బస్టాండు వరకు వచ్చి, మూసీ యొడ్డున నిలిచిపోయినది. ఫలక్‌నుమా వరకు రావలసిన మార్గము మొదటి ప్రణాళికలోనే యుండెను. దానికి మరల శంకుస్థాపన జరిగినది 2024 మార్చి 8న! 2025 జనవరినుండి దారుల్‌షిఫా, శాలిబండ దారిలో ఇండ్లు, దుకాణములు కూల్చుట మొదలైనది. చదరపు గజమునకు 81,000 రూపాయల పరిహారము నిర్ణయించిరి. తాతలనాటి దుకాణమును విడిచినవాడు తన త్యాగమునకు ఫలముగా రైలు నెప్పుడు చూచునో! పాతనగరపు యువకుడు దుబాయిలో మెట్రో నెక్కును, లండనులో మెట్రో నెక్కును, తన చార్మినారు కడ మాత్రము ఎక్కలేడు. పరదేశమున గేటు ఉండియు మన సొమ్మునకు తెఱచుకొనదు. స్వదేశమున తెఱచుకొనుటకు గేటే లేదు. నగరములో నున్న సాధనములకైనను ఐకమత్యము గలదా? మెట్రోకు ఒక పద్ధతి, ఆర్టీసీకి ఒక పద్ధతి, ఫలక్‌నుమాకు వచ్చు ఎం.ఎం.టి.ఎస్. రైలుకు మరియొక పద్ధతి. ఒకే యూరిలో మూడు సంస్థానములు, మూడు సిక్కాలు! హాలీసిక్కా పోయినదని సంతోషించిన మనము, దానిని మూడు ముక్కలుగా మరల ముద్రించుకొనుచున్నాము.

కావున మేము కోరునది స్పష్టము. ఒకటి: ఇక మీదట ఏ దేశముతో సొమ్ముచెల్లింపు ఒప్పందము జరిగినను, అందు మొదటి షరతు ప్రజారవాణా కావలెను, ప్రదర్శనస్థలములు తరువాత. ఆ వరుసలో మనవారు లక్షలుగా నున్న గల్ఫు దేశములు ముందుండవలెను. రెండు: పరదేశపు బస్సు, రైలు కిరాయిలపై మన బ్యాంకులు మారకపు రుసుమును పూర్తిగా మానవలెను, కనీసము ప్రభుత్వబ్యాంకులు దారి చూపవలెను. మూడు: కార్డు తెఱచు మీటల సంగతిని తెలుగులో, ఉర్దూలో విమానాశ్రయమునను, నాంపల్లి హజ్ హౌసునను, ప్రతి బ్యాంకుశాఖలోను పెద్ద యక్షరములతో వ్రాసి యుంచవలెను. నాలుగు: హైదరాబాదు నగరమున మెట్రో, బస్సు, రైలు మూడింటికిని ఒకే కార్డు, ఒకే తాకింపు ఉండవలెను, పాతనగరపు మెట్రో పనులకు గడువు తేదీని ప్రకటించి, నెలనెల లెక్క చెప్పవలెను.

ఇవి గొంతెమ్మకోరికలు కావు. ప్రభుత్వములు తమంతట తాముగా మేలుకొన్న దినము మన చరిత్రలో అరుదు, అడిగినప్పుడే మేలుకొన్నవి. పఠనమందిరములలో ఈ పుటను చదువు మహాజనులు చదివి మడిచి పెట్టక, తమ బ్యాంకు మేనేజరును పోయి అడుగుడు: పరదేశపు కిరాయికి వట్టమెంత, ఎందుకని. తమ శాసనసభ్యుని అడుగుడు: ఫలక్‌నుమా రైలు తేదీ యేది యని. తమ పార్లమెంటు సభ్యుని అడుగుడు: రూపే పేరు లండను గేటు పట్టికలో నెప్పుడు చేరునని. పది మొహల్లాలనుండి పదిరెట్లు ఉత్తరములు పోయిననాడు జవాబు రాక తప్పదు. మన రూపాయి గోపురములెక్కి లోకమునకు కనబడినది చాలును. ఇక దిగివచ్చి, బస్సుకై నిలిచిన మనవాని ప్రక్కన నిలువవలెను.